విశాఖ అలల మీదికి వెళ్లబోయే మేనకోడలికి

విజయవాడ

చిరంజీవి హారికకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఉగాది సెలవులకు స్నేహితురాళ్లతో కలిసి విశాఖపట్నంలో సర్ఫింగ్ శిబిరానికి వెళ్లాలనుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఇన్నేళ్లుగా బెజవాడ పిల్లలకు ఈత నేర్పి, బాగా ఆరితేరినవారిని విశాఖ సముద్రానికి కూడా తీసుకువెళ్లిన దానిని కనుక, మీరు బయానా కట్టకముందే కొన్ని విషయాలు చెప్పాలనిపించింది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటంటే, ఇటువంటి ప్రయాణానికి రోజునూ చోటునూ సముద్రాన్ని చూసి నిర్ణయించుకోవాలి. బస, తిండి, చూడవలసిన ప్రదేశాలు ఆ తరువాత వాటంతటవే కుదురుతాయి.

ముందుగా తేదీ సంగతి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే అమావాస్య మరునాడు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వల్ల పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా వెనక్కి పోతుంది. ఆ తేడా పాడ్యమి, విదియల నాటికి హెచ్చుగా ఉంటుంది. తెల్లవారినప్పుడు నడుము లోతు నీటిలో నెమ్మదిగా విరిగిన అల, పోటు పెరిగాక ఒడ్డు వాలు మీదనే ఒక్కసారిగా కూలి, సర్ఫింగ్ బల్లతో సహా మనిషిని ఇసుకకేసి కొడుతుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ఇది ఎంతమాత్రం పనికిరాదు. అష్టమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఈ తేడా బాగా తగ్గి, నీటి లోతు పూటంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాబట్టి ఉగాది పచ్చడి ఇంట్లో తిని, శ్రీరామనవమికి అక్కడ ఉండేలా బయలుదేరండి. నవమి పానకం విశాఖలో ఏ పందిట్లోనైనా ఆప్యాయంగా ఇస్తారు.

చైత్రం గడిచేకొద్దీ దక్షిణపు గాలి బలపడుతుంది. దానితోపాటు, ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన తుపానుల అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన తీరాన్ని తాకే కాలం కూడా ఇదే. ఇక్కడ ఆకు కదలకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా, సముద్రం ఉన్నట్టుండి ఉబ్బుతుంది. హైదరాబాదులో ఉండి సముద్ర పరిస్థితులను గమనించే ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును అంచనా వేసి ముందుగానే హెచ్చరికలు ప్రకటిస్తుంది. అక్కడున్న ప్రతి రాత్రీ వాటిని చూసుకొని పడుకోండి. హెచ్చరిక ఉన్న రోజున, డబ్బు కట్టాము కదా అని ఎవరూ నీళ్లలోకి దిగకూడదు.

చోటు విషయంలో నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. ఆర్.కె. బీచ్ కూర్చోవడానికీ నడవడానికీ ఎంతో బాగుంటుంది కానీ, అక్కడ లోతు త్వరగా పెరుగుతుంది, వెనక్కి లాగే నీరు బలమైనది, ఏటా స్నానానికి దిగినవారు ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అది శుభ్రతకూ నిర్వహణకూ ఇచ్చిన గుర్తింపే తప్ప, అక్కడి నీరు మెత్తనిదని అర్థం కాదు. ఎక్కడైనా సరే, లైఫ్‌గార్డులు కనిపించే మేరలోనే ఉండండి.

శిక్షకుడిని ఎంచుకొనేటప్పుడు మొహమాటపడవద్దు. ఆయనకు అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం శిక్షణ పత్రం ఉందా, ఒక్కొక్క శిక్షకుడు ఒకేసారి ఎంతమందిని నీళ్లలోకి తీసుకువెళతాడు, ప్రథమ చికిత్స తెలిసినవారు ఒడ్డున ఉంటారా అని అడుగు. నలుగురికి మించి ఒకరి చేతిలో పెడితే నేనైతే ఒప్పుకోను. మీ ఈత ఎంతవరకు వచ్చునని ఆయన ఎదురు ప్రశ్న వేయకపోతే, మరొకరిని వెతకండి.

మొదటి రోజుల్లో ఇచ్చే బల్ల ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవుండి, పైభాగం మెత్తని ఫోముతో ఉండాలి. దాని మీద బోర్లా పడుకున్నప్పుడు బల్ల ముక్కు నీటికి కొద్దిగా, సుమారు రెండు మూడు వేళ్ల మందం, పైకి ఉండేటట్టు చూసుకో. బరువు ముందుకు పడితే ముక్కు నీళ్లలో గుచ్చుకొని పల్టీ కొడతావు, వెనక్కి పడితే అల నిన్ను వదిలి ముందుకు పోతుంది. లేచేటప్పుడు అంచులు పట్టుకోకుండా, రెండు అరచేతులనూ ఛాతీ పక్కన బల్ల మీదనే ఆనించి, ఒక్క ఊపున పాదాలను కిందికి తెచ్చుకోవాలి. చూపు పాదాల మీద కాక ఒడ్డు మీద ఉండాలి. అల విరిగాక వచ్చే తెల్లని నురుగు మీదనే మొదట సాధన చేయండి. పడిపోతే తల కిందుగా దూకకుండా వెడల్పుగా పడి, పైకి తేలేటప్పుడు చేతులతో తలను కాపాడుకో. నీకూ వచ్చే అలకూ మధ్య బల్ల ఎప్పుడూ ఉండకూడదు. అల దానిని నీ ముఖానికేసి విసురుతుంది.

రెండు అలల గుంపుల మధ్య నురుగు లేకుండా, ఇసుక కలిసి కొంచెం మట్టిరంగులో, ప్రశాంతంగా కనిపించే పాయ ఉంటే, అదే లోపలికి లాగే ప్రవాహం. దిగడానికి వీలైన చోటులా అదే కనిపిస్తుంది గనుక తెలియనివారు అటే వెళతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకు. బల్లను వదలకుండా దాని మీద పడుకొని, చెయ్యెత్తి పిలు. లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడు. ఈ ఒక్కటీ మీ నలుగురూ కంఠస్థం చేయాలి.

తక్కిన ఏర్పాట్లు సులభమే. రత్నాచల్‌ రైలులో ఉదయాన్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతారు. ఆ రోజు సముద్రంలోకి దిగవద్దు. పాఠాలన్నీ తెల్లవారిన వెంటనే పెట్టించుకోండి, పొద్దెక్కాక సముద్రపు గాలి లేచి అలలు చెదిరిపోతాయి. నూలు బట్టలు నీరు పీల్చి బరువెక్కుతాయి కనుక నిండు చేతుల లైక్రా చొక్కా కొనుక్కో. మీ అమ్మ చేయించిన గొలుసు ఇంట్లోనే ఉంచు. సాయంత్రాలు కురుసుర జలాంతర్గామి చూడవచ్చు. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలు గుడ్ల నుంచి బయటికి వచ్చి సముద్రంలోకి వెళ్తుంటాయి. రాత్రివేళ ఇసుక మీద టార్చి వెలిగిస్తే అవి దారి తప్పుతాయి, దయచేసి వెలిగించకండి.

ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదగలగడం, పది నిమిషాలు కదలకుండా తేలగలగడం, ఈ రెండూ వచ్చినవారికే నేను సరేనంటాను. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు నలుగురూ గాంధీనగర్ ఈతకొలనుకు రండి. ఎవరికి రాకపోయినా, నవమి లోపు రోజూ గంటసేపు దగ్గరుండి నేర్పిస్తాను. అప్పటికీ రానివారు ఈసారి ఒడ్డునే ఉండి, వచ్చే ఏడు దిగవచ్చు.

ఇట్లు,
మీ మేనత్త