చిన్న పరిశ్రమల సందేహాలు: రావలసిన బాకీలు

ప్ర: బాలానగర్‌లో లేత్ షాపు మాది. కేంద్రం చిన్న సంస్థలను నమోదు చేసే ఉద్యమ్‌లో సూక్ష్మ సంస్థగా నమోదైంది. పుణెలోని ఒక కంపెనీకి జాబ్ వర్కు చేసి పంపాం. రూ.4 లక్షల బిల్లు ఎనిమిది నెలలుగా ఆగింది. అడిగితే ‘ఆర్డరులో 90 రోజుల గడువు రాశాం, పైగా కొలతల్లో తేడా వచ్చింది’ అంటున్నారు. ఏం చేయాలి?

జ: 90 రోజులని ఆర్డరులో రాసుకున్నా చెల్లదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఈ రోజులను బిల్లు తేదీ నుంచి కాక సరుకు స్వీకరించిన రోజు నుంచి లెక్కపెట్టాలి.

ఇక కొలతల సంగతి. సరుకు అందిన 15 రోజుల్లోపు వాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారా? చెప్పకపోతే సరుకు అందిన రోజే స్వీకరించినట్టు లెక్క. ఫోనులో అన్న మాటకు విలువ లేదు. ఆ 15 రోజుల్లోపే వాళ్లు రాసి పంపి ఉంటే మాత్రం మీరు ఆ లోపం సరిచేసిన రోజు నుంచి చెల్లింపు గడువు మొదలవుతుంది. అందుకే డెలివరీ చలాన్ మీద గేటు స్టాంపు, తేదీ, సంతకం లేకుండా బండి వెనక్కి రానివ్వకండి. వసూలు కేసులు చాలావరకు బలహీనపడేది ఈ ఒక్క కాగితం దగ్గరే.

గడువు దాటిన రోజు నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలిపే చక్రవడ్డీ రావాలి. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకుంటే ఏడాదికి 16.5, నెలకు 1.375 శాతం. మీ రూ.4 లక్షల మీద మొదటి నెల రూ.5,500, ఆరు నెలలకు సుమారు రూ.34,150.

ముందు బిల్లుల జాబితా, వడ్డీ పట్టిక జతచేసి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. గడువులోగా చెల్లించని సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడం కుదరదని, చెల్లించిన ఏడాదే చూపుకోవాలని అందులో గుర్తుచేయండి. ఆదాయపన్నులో ఈ నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం లావాదేవీల నుంచి అమల్లో ఉంది. వడ్డీ భయం కంటే ఇదే త్వరగా పనిచేస్తుంది, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చిల్లో ఖాతాలు సర్దుకునేటప్పుడు.

అప్పటికీ కదలకపోతే ఉద్యమ్ నంబరు, ఆర్డరు, బిల్లులు, చలాన్లతో కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. కంపెనీ పుణెలో ఉన్నా, సరఫరాదారు ఉన్న చోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే (ఈ బాకీల తగాదాలు తేల్చే సంస్థ) అధికారం కాబట్టి మీరు అక్కడికి తిరగక్కర్లేదు. మొదట రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు. చట్టం 90 రోజుల్లో తేల్చాలంటుంది గానీ ఆ లెక్కన డబ్బుకు ఎదురుచూడకండి. తీర్పు మీకు అనుకూలమైతే, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి వాళ్లు ముందు 75 శాతం సొమ్ము జమకట్టాలి. అక్కడే చాలామంది బేరానికి దిగుతారు.

ప్ర: విజయవాడలో హార్డ్‌వేర్ హోల్‌సేల్ వ్యాపారం మాది. మాకూ ఉద్యమ్ సర్టిఫికెట్టు ఉంది. ఈ దారి మాకు పనికొస్తుందా?

జ: రాదు. 2021 జూలైలో వ్యాపారులకు ఉద్యమ్ తలుపు తెరిచింది ప్రాధాన్య రంగ రుణాల కోసమే. మీకు ఉన్నవి చెక్కు బౌన్సు కేసు, ఒప్పందం, సివిల్ దావా. మూడేళ్ల కాలపరిమితి దాటనివ్వకండి. ఉద్దెర ఖాతా ఉన్నవాళ్ల దగ్గర ఏటా బాకీ నిర్ధారణ పత్రం మీద సంతకం తీసుకుంటే ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. సంతకం మాత్రం పాత గడువు తీరకముందే పడాలి.

ప్ర: సరుకు పంపాక ఉద్యమ్ తీసుకున్నాం. పాత బిల్లులకు ఈ చట్టం వర్తిస్తుందా?

జ: వర్తించదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో బెంచ్ ఈ అంశాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. పాత బిల్లులకు దావా దారి చూసుకుని, ఇకపై ప్రతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చువేయించండి. నమోదుకు రుసుము లేదు, ఆధార్, పాన్, జీఎస్టీ పరిధిలో ఉంటే ఆ నంబరు చాలు. డబ్బు అడిగే ఏజెంటును పంపించేయండి.