కంప్యూటర్ ఆగాక వెళ్లడమా, ఆగకముందే వెళ్లడమా?

ప్రశ్న: అక్కా, మాది చీమకుర్తి. కంప్యూటర్ డిప్లొమా చేసి నాలుగేళ్లుగా ఒంగోలులో ఒక సేల్స్ అండ్ సర్వీస్ షాపులో పనిచేస్తున్నాను. జీతం 14 వేలు. మా వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలు, ఆడిటర్ ఆఫీసులు, చిన్న ఆసుపత్రుల్లో నాలుగైదు కంప్యూటర్లు ఉంటాయి కానీ వాటిని చూసుకునే మనిషి ఉండడు. పెద్ద కంపెనీల రేట్లు వీళ్లు భరించలేరు. విజిట్‌కి 300 తీసుకుని సొంతంగా మొదలుపెడదామని ఉంది. ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ మీద పనిచేసే మా నాన్న మాత్రం ‘నెల జీతం వదులుకుని రోడ్డున పడతావా’ అంటున్నారు. పెట్టుబడి ఎంత కావాలి, రేటు ఎంత పెట్టాలి? ఇంకొకటి, చాలామంది విండోస్‌ని, లెక్కలు రాసే ట్యాలీని లైసెన్సు కొనకుండా క్రాక్ (దొంగ కాపీ) వేయమంటారు. కాదంటే పార్టీ (కస్టమర్) పోతుందేమోనని భయం.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ఆ 300 రూపాయల మాట దగ్గర ఆగిపోయాను. 2009లో నెల్లూరు పొగతోటలో మొదలుపెట్టినప్పుడు నేనూ అలాగే విజిట్‌కి 150 అని చెప్పాను. తక్కువ కదా, అందరూ పిలుస్తారనుకున్నాను. జరిగింది వేరు. ఆ 150 మిగుల్చుకోవడానికి కంప్యూటర్ నెమ్మదించినా, గరగరమని చప్పుడు చేసినా, రెండుసార్లు దానంతటదే ఆగిపోయినా ఎవరూ పిలిచేవారు కాదు. పూర్తిగా చచ్చాక పిలిచేవారు. అప్పటికి హార్డ్ డిస్క్ పోయి ఉండేది. నాకు వచ్చేది అదే 150, వాళ్లకు పోయేది ఏడాది లెక్కలు. చిన్న కంపెనీకి చవకగా సర్వీసు ఇవ్వాలంటే విజిట్ రేటు తగ్గించడం దారి కాదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నెలవారీ కాంట్రాక్టు పెట్టు. కంప్యూటర్‌కి నెలకు 250 అనుకో. ఐదు కంప్యూటర్లున్న ఫ్యాక్టరీకి 1,250. నెలలో ఒకసారి పిలవకపోయినా వెళ్లి రెండు గంటలు కూర్చుంటావు, మధ్యలో ఏదైనా ఆగితే వస్తావు. సామాను ఖర్చు వేరే, బిల్లు చూపించి తీసుకుంటావు. ఇలాంటి పార్టీలు 15 కుదిరితే 75 కంప్యూటర్లు, 18,750 రూపాయలు. పెట్రోలు, ఫోను పోను ఇప్పుడున్న జీతం దగ్గరే తేలుతుంది. పదహారో పార్టీ నుంచి నీకు మిగులు. ఈ లెక్క కాగితం మీద వేసి నాన్నగారికి చూపించు. ఆ పదిహేను మంది కుదిరేదాకా ఇల్లు గడవడానికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే తప్ప ఉద్యోగం మానవద్దు. ఆయన భయం న్యాయమైనదే.

ఈ రేటు గిట్టుబాటు కావాలంటే పార్టీలన్నీ ఒకే దారిలో ఉండాలి. ఒంగోలు కర్నూలు రోడ్డు నుంచి చీమకుర్తి దాకా ఉన్నవాళ్లు చాలు. దర్శి నుంచి పిలుపొచ్చినా మొదటి ఏడాది ఒప్పుకోవద్దు. ఒక్క పార్టీ కోసం సగం రోజు బండి మీద పోతే మిగతా పద్నాలుగు మందికి నువ్వు దొరకవు.

నెలకోసారి వెళ్లి ఏం చేయాలో చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. పొగతోటలోనే ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ నాకు మూడో పార్టీ. బిల్లింగ్ కంప్యూటర్‌కి ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టించి, రోజూ సాయంత్రం ఫోల్డర్ కాపీ చేయడం రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి నేర్పాను. తేదీలతో సహా ఫోల్డర్లు వరసగా ఉండేవి, చూసి సంతోషపడేదాన్ని. పదకొండు నెలల తర్వాత కంప్యూటర్ డిస్క్ పోయింది. బ్యాకప్ ఉందిలే అని ధైర్యంగా తెరిస్తే, ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక షార్ట్‌కట్ మాత్రమే ఉంది. డెస్క్‌టాప్ మీది గుర్తు కాపీ అయింది, అసలు డేటా ఒక్క రోజూ కాపీ కాలేదు. అమ్మాయి తప్పేం లేదు, నేను చూపించినట్టే చేసింది. ఒక్కసారైనా తెరిచి చూడనిది నేను. ఆ ల్యాబ్ డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. పన్నెండు రోజులు రాత్రి తొమ్మిది నుంచి కూర్చుని కాగితం బిల్లులు చూస్తూ ఆ అమ్మాయి, నేను మళ్లీ ఎక్కించాం. డబ్బు తీసుకోలేదు.

అప్పటి నుంచి నెలవారీ విజిట్‌లో నా మొదటి పని బ్యాకప్‌లోంచి ఒక పాత తేదీ డేటా తీసి, నా ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఓనరుకి చూపించడం. ‘ఇదిగోండి సార్, పోయిన నెల 14వ తేదీ బిల్లు’ అని చూపిస్తే వాళ్లకు నమ్మకం, నాకు నిద్ర. డిస్కులు రెండు పెట్టించు. ఒకటి ఆఫీసులో, ఇంకొకటి ఓనరు ఇంట్లో, వారానికోసారి మార్చాలి. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉన్న డిస్క్‌ని నమ్మవద్దు. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే కంప్యూటర్‌తో పాటు దానికీ తాళం పడుతుంది.

ఇక మీ ఊరి సంగతి. గ్రానైట్ ఫ్యాక్టరీలో కంప్యూటర్‌కి మొదటి శత్రువు పొడి. పాలిషింగ్ దగ్గర నీళ్లతో కలిసి వచ్చి, ఆరాక గట్టిపడి ఫ్యాన్‌ని పట్టేస్తుంది. చాలాచోట్ల సీపీయూ నేల మీదే ఉంటుంది. ముందు దాన్ని అడుగు ఎత్తున స్టాండు మీద పెట్టించు. బయటికి తీసుకెళ్లి బ్లోయర్‌తో గాలి కొట్టు. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, గాలికి అతివేగంగా తిరిగితే బేరింగ్ పోతుంది. రెండోది కరెంటు. పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా వోల్టేజ్ పడిపోతుంది, యూపీఎస్ బలంగా లేకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, తెరిచి ఉన్న ట్యాలీ డేటా పాడవుతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ. మన ఎండలకు రెండు మూడేళ్లకు మించి ఆశ పెట్టుకోకూడదు. వేసిన తేదీ బ్యాటరీ మీద మార్కర్‌తో రాయి. ఎర్తింగ్ సరిగా లేదనిపిస్తే అది ఎలక్ట్రీషియన్ పని అని ఓనరుకి చెప్పు, నువ్వు చేయి పెట్టకు.

మూడోది వే బ్రిడ్జి, అంటే లారీల కాటా. కాటా నుంచి కంప్యూటర్‌కి బరువు వచ్చేది చాలాచోట్ల పాత సీరియల్ కేబుల్ మీదే, మధ్యలో ఒక యూఎస్‌బీ కన్వర్టర్ ఉంటుంది. ఊడ్చేటప్పుడు ఎవరో దాన్ని పీకి పక్క యూఎస్‌బీలో పెడతారు, కామ్ పోర్ట్ నంబరు (ఆ కన్వర్టర్‌కి కంప్యూటర్ ఇచ్చే నంబరు) మారిపోతుంది, సాఫ్ట్‌వేర్‌కి బరువు అందదు. బయట లోడు లారీ నిలబడి ఉంటుంది. కన్వర్టర్ పెట్టాల్సిన చోట రంగు టేపు అతికించి, పోర్ట్ నంబరు రాసి పెట్టు. పది రూపాయల టేపుతో ఎన్ని ఫోన్లు తగ్గుతాయో చూడు.

నువ్వు అమ్మేది కంప్యూటర్ రిపేరు కాదు తమ్ముడూ, ఆ లారీ ఆగకుండా ఉండడం. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) కావాలి. టర్నోవరు 5 కోట్లు దాటిన కంపెనీకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే అమ్మకం బిల్లు) కూడా తప్పనిసరి. నెట్ ఆగితే ఈ రెండూ ఆగుతాయి. అందుకే ప్రతి పార్టీకీ ఒక క్యాలెండర్ రాసుకో. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, 3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువు 20వ తేదీ. ఆ తేదీలకు ముందు రెండు రోజులు ఎవరి మిషన్‌లోనూ ఫార్మాట్, అప్‌డేట్ లాంటివి పెట్టుకోవద్దు. ఇన్‌కమ్ ట్యాక్స్ గడువులతో ఆడిటర్ ఆఫీసుల్లో జులై ఆఖరున, సెప్టెంబరు ఆఖరున ఎంత టెన్షన్ ఉంటుందో నీకు తెలిసే ఉంటుంది. ఆ వారాల్లో వెళ్లి ‘అన్నీ బాగున్నాయా’ అని అడిగి రా, చాలు. వాళ్ల డిజిటల్ సంతకం టోకెన్లు (ఆన్‌లైన్‌లో సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరాలు) ఏ తేదీకి ఎక్స్‌పైర్ అవుతాయో నీ రిజిస్టర్లో ఉండాలి.

పెట్టుబడికి పెద్ద ఆఫీసు అక్కర్లేదు. బండి, ల్యాప్‌టాప్ ఉన్నాయనుకుంటే మిగిలింది ఒక సంచి. ఒక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె), 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డిస్క్) ఒకటి, డీడీఆర్3, డీడీఆర్4 ర్యామ్ ఒక్కొక్కటి, నెట్ కేబుల్‌కి పిన్ను బిగించే క్రింపింగ్ టూల్, కేబుల్ టెస్టర్, ఆ సీరియల్ కన్వర్టర్, నాలుగు సీఆర్ 2032 బటన్ బ్యాటరీలు. ఆ బటన్ బ్యాటరీని చిన్నచూపు చూడకు. అది పోతే కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, జీఎస్టీ సైటు సర్టిఫికెట్ ఎర్రర్ అంటుంది, ఓనరు నెట్ వాళ్లను తిడుతూ ఉంటాడు. అప్పు కావాలంటే ప్రభుత్వ ముద్ర పథకంలో శిశు రుణం కింద 50 వేల దాకా బ్యాంకులో అడగొచ్చు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్ల జోలికి పోకు. సర్వీసు ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు.

క్రాక్ సంగతి గట్టిగా చెబుతున్నాను, వేయకు. కాపీరైట్ చట్టం 63బీ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడినందుకే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అంతకంటే నాకు భయం వేరే. క్రాక్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. తలుపు తీసి పెట్టి దొంగను ఎవరు పంపారో వెతుక్కోవడమే. ‘కుదరదండీ’ అని ఊరుకోకుండా దారి చూపించు. ఉత్తరాలు, చిన్న లెక్కలు రాసుకునే మిషన్‌లో లిబ్రే ఆఫీస్ ఉచితంగా వేయి. ట్యాలీ మొత్తం ఒకేసారి కొనలేకపోతే నెల అద్దెకు అసలు లైసెన్సే దొరుకుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఎనిమిదో తరానికి ముందువైన ఇంటెల్ ప్రాసెసర్లున్న మిషన్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అందుకని మొదటి విజిట్‌లోనే ఏ మిషన్ ఏ తరానిదో లిస్టు రాసి, ఏది ముందు మార్చాలో, ఎన్ని నెలల్లోనో ఓనరుకి చెప్పు. ఒకేసారి ఐదూ మార్చమంటే ఎవరూ మార్చలేరు. ఇన్నేళ్లలో క్రాక్ కాదన్నందుకు నా దగ్గర నుంచి వెళ్లిపోయినవాళ్లు నలుగురు. ఇద్దరు డేటా పోయాక తిరిగి వచ్చారు.

పాస్‌వర్డులన్నీ కవర్లో పెట్టి అంటించి ఓనరు చేతికివ్వు. నువ్వు లేకపోయినా వాళ్ల పని ఆగకూడదు. దూరం నుంచి కంప్యూటర్‌ని చూసే ఎనీడెస్క్ యాప్‌తో చూసేటప్పుడు ప్రతిసారీ అడిగి వెళ్లు, పని కాగానే మూసెయ్. తెలియనివాళ్లు ఫోన్ చేసి అదే యాప్ వేయమంటే వేయొద్దని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అకౌంటెంట్లకు చెప్పి ఉంచు. డబ్బు మూడు నెలలకు ఒకసారి ముందుగా తీసుకో. నెలాఖరున అడిగితే ‘రేపు’ అనేవాళ్లే ఎక్కువ, మొహమాటపడితే ఆ రేపు రాదు.

ఇప్పుడు పనిచేసే షాపు కస్టమర్లను మాత్రం తీసుకోవద్దు, మానేటప్పుడు ఓనరుతో చెప్పి బయటికి రా. మరి మొదటి పార్టీ ఎక్కడిదంటావా? పాలిషింగ్ మిషన్ దగ్గర నిలబడే మీ నాన్నగారికి ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు బిల్లు కోసం ఎక్కువసేపు నిలబడతాయో తెలిసి ఉంటుంది. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు ఆయన్ని అడుగు.