“అది చైనావాళ్ల గొడవ, మనకెందుకు?”

ప్రశ్న: డాలస్ శివార్లలో ఉంటున్నాం. ఆసియావాసులపై ద్వేషం గురించి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడిద్దామంటే, మా తెలుగు సంఘం పెద్దలు “అది చైనావాళ్ల గొడవ, మనకెందుకు” అంటున్నారు. వాళ్లకేం చెప్పాలి? సమావేశం ఎలా జరపాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: 1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్‌ను కొట్టి చంపినవాళ్ల కోపం, అక్కడివాళ్ల ఉద్యోగాలు పోగొడుతున్నాయనుకున్న జపాన్ కార్ల మీద. ఆయనేమో చైనా సంతతివాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు, పారిపోయాక ఇంకోచోట “ఇద్దరు ఇరానీలను కాల్చాను” అని చెప్పాడు. మనం ఎవరమో కనుక్కుని కొట్టేవాళ్లు కారు వీళ్లు. పెద్దలకు ఈ రెండూ చెప్పండి.

కొరియన్, చైనీస్, వియత్నామీస్ కుటుంబాలను చివర్లో ఆహ్వానించడం కాదు, తేదీ ఖరారు చేసేటప్పుడే కలుపుకోండి. గుడి హాలు కన్నా పబ్లిక్ లైబ్రరీ గది నయం, అక్కడికైతే ఎవరైనా మొహమాటం లేకుండా వస్తారు. వేదిక, మైకు వద్దు. ఎనిమిది పదిమంది చొప్పున గుండ్రంగా కూర్చోండి. ఒక్కో గుంపును నడిపే మనిషి సంఘం పదవిలో లేనివారైతే మంచిది. గంటన్నర చాలు. మొదటి నలభై నిమిషాలు “మీకేం జరిగింది, చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు” అన్నదే ప్రశ్న. ఆ సమయంలో ఎవరూ సలహాలివ్వకూడదు. వీడియోలు, వాట్సాప్ పోస్టులు అసలే వద్దు.

సాధారణంగా సభ చెడేది రెండు చోట్ల. ఒకటి, హెచ్-1బి వాదన మొదలై అసలు సంగతి పక్కకుపోవడం. రెండోది ఇంకా ప్రమాదం: ఒకరు తమపై దాడి చేసినవాడి జాతి చెప్పగానే, గదంతా ఆ జాతినే తిట్టడం మొదలుపెడుతుంది. “చేసిన మనిషి గురించే మాట్లాడదాం” అని అక్కడికక్కడే ఆపాలి. ద్వేషం గురించి పెట్టిన సభలో ఇంకో ద్వేషం పుట్టడం కన్నా ఘోరం లేదు.

పోలీసులను మొదటి సభకు పిలవకండి. వీసా భయం ఉన్నవాళ్లు నోరు విప్పరు. రెండోసారి, చివరి అరగంటకు పిలవండి. పిల్లల దగ్గరికి వచ్చి, పొద్దున్నే ఒంటరిగా నడకకు వెళ్లే అమ్మానాన్నలకు మాత్రం తెలుగులోనే విడిగా ఒక గుంపు పెట్టండి.

ప్రశ్న: “మీ దేశానికి పో” అని తిడితే కేసు పెట్టొచ్చా?

జవాబు: ఒట్టి తిట్టు చాలావరకు నేరం కాదు, అమెరికా రాజ్యాంగం మాటకు రక్షణ ఇస్తుంది. బెదిరింపు, చెయ్యి చేసుకోవడం, ఆస్తి పాడుచేయడం నేరాలు. అది జాతి కారణంగానే చేశాడని రుజువైతే ద్వేష నేరమవుతుంది. ఆ రుజువు చాలాసార్లు వాడి నోటి మాటే. ఒలేతాలో హంతకుడు అరిచిన “నా దేశంలోంచి పో” అన్నది అలాంటిదే. 2018లో ఫెడరల్ కోర్టు వాడికి యావజ్జీవ శిక్ష వేసింది.

కాబట్టి విన్న మాటలను మెత్తబరచకుండా ఆ రాత్రికే ఉన్నవున్నట్టు రాసుకోండి. సమయం, చోటు, కారు నంబరు, సాక్షుల ఫోన్లు కూడా. కమిలిన దెబ్బలను మర్నాడు మళ్లీ ఫొటో తీయండి, అప్పటికి మచ్చ స్పష్టంగా తేలుతుంది. దుకాణాల సీసీటీవీ రికార్డు కొద్దిరోజుల్లో చెరిగిపోవచ్చు, వెంటనే మేనేజరును భద్రపరచమనండి. “నా జాతి వల్లే చేశాడనుకుంటున్నా, రిపోర్టులో అది రాయండి” అని పోలీసులకు నోరు తెరిచి చెప్పి, రిపోర్టు నంబరు తీసుకోండి. ఎఫ్‌బీఐకి 1-800-225-5324కు ఫోన్ చేయొచ్చు. అప్పటికప్పుడు ప్రమాదముంటే మాత్రం ముందు 911.