నాటకాల హాలుకు ఏ లైటింగ్ బోర్డు కొనాలి?

ప్రశ్న: మా కళాసమితికి 400 సీట్ల హాలుంది. ఏటా పరిషత్తు నాటక పోటీలు పెడతాం, మిగతా రోజుల్లో డాన్సులు, స్కూలు వార్షికోత్సవాలు. పాత హాలోజెన్ లైట్లకు 12 చానెళ్ల డిమ్మర్ (వెలుగు పెంచి తగ్గించే పెట్టె) ఉంది. కొత్తగా 16 ఎల్‌ఈడీ పార్లు (కదలకుండా ఒకచోట ఉండి రంగులు మార్చే లైట్లు), 4 మూవింగ్ హెడ్‌లు (అటూ ఇటూ తిరిగే లైట్లు) కొన్నాం. ఒక షాపాయన 192 చానెళ్ల చిన్న బోర్డు చాలంటాడు, ఇంకొకాయన టచ్‌స్క్రీన్ ఉన్న పెద్దది తీసుకోమంటాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు కాగితం మీద లెక్కేయండి. లైటులో వెలుగు, రంగు, కదలిక లాంటి ఒక్కోదాన్ని నడపడానికి ఒక్కో చానెల్ కావాలి. పార్‌కు 8 చానెళ్ల చొప్పున 128, మూవింగ్ హెడ్‌కు 16 చొప్పున 64, డిమ్మర్ 12, మొత్తం 204. బోర్డు నుంచి లైట్లకు ఆదేశాలు మోసే డీఎంఎక్స్ లైను ఒక్కటే 512 మోస్తుంది కాబట్టి చానెళ్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. పార్లను 4 చానెళ్ల మోడ్‌లో పెడితే మొత్తం 140, అంటే మొదటి షాపాయన చెప్పింది లెక్క ప్రకారం తప్పేం కాదు. కానీ ఆ బోర్డు డీజేల కోసం పుట్టింది. 12 ఫిక్స్చర్ (అంటే లైటు) బటన్లే ఉంటాయి, నాలుగేసి పార్లను ఒక బటన్ కింద కట్టుకోవాలి, పైగా ముందే దాచుకున్న లైటింగ్ సీన్ బటన్ నొక్కితే లైటు ఠక్కున మారుతుంది. నాటకంలో సాయంత్రం వెలుగు నిమిషంన్నర పాటు మెల్లగా తగ్గుతుండగానే అరుగు మీద లాంతరు మూడు సెకన్లలో వెలగాలంటే దాని వల్ల కాదు. మీకు కావాల్సింది క్యూలు (ఎప్పుడు ఏ లైటు ఎలా మారాలో చెప్పే మార్పులు) వరసగా రాసుకుని, ఒక్కోదానికి విడివిడిగా టైము ఇచ్చుకుని, 'గో' బటన్ కొట్టుకుంటూ పోయే బోర్డు. 12వ క్యూకీ 13వ క్యూకీ మధ్య 12.5 దూర్చే వీలుందా అని అడగండి, దర్శకులు ఆఖరి నిమిషంలో మార్పులు చెప్పకుండా ఉంటారా!

మీ అసలు సంగతి పరిషత్తు. పోటీకి వచ్చే నాటక సమాజం రిహార్సల్ లేకుండా లైట్ల వివరాలు రాసిన ఒక చీటీ చేతికిచ్చి స్టేజీ ఎక్కుతుంది, అప్పుడు ఆపరేటర్ చేత్తోనే నడపాలి. ఫేడర్ (పైకీ కిందకీ జరిపే మీట) అయితే చీకట్లో కూడా వేలికి తగులుతుంది, కళ్లు నటుడి మీదే ఉంచొచ్చు. టచ్‌స్క్రీన్ అయితే తల దించి చూడాల్సిందే. అందుకే స్క్రీన్ ఎంత పెద్దదైనా సరే, కనీసం 10 ప్లేబ్యాక్ ఫేడర్లు (దాచుకున్న లైటింగ్‌ను నడిపే మీటలు) లేనిది నేనైతే కొనను. ఈటీసీ కంపెనీ బోర్డు కలర్‌సోర్స్ 20 లాంటిది మీ సైజుకు సరిపోతుంది, 20 ఫేడర్లు, 40 ఫిక్స్చర్ల దాకా నడుపుతుంది. మీవి 16 పార్లు, 4 మూవింగ్ హెడ్‌లు, 12 డిమ్మర్ చానెళ్లు కలిపి 32. పెద్ద షోలలో వాడే ఖరీదైన బోర్డు గ్రాండ్‌ఎంఏలా కనిపించే కాపీ బోర్డులు చవగ్గా వస్తాయి గానీ, చెడితే ఎవరు బాగుచేస్తారో ముందే తేల్చుకోండి.

డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. చామ్‌సిస్ కంపెనీ మ్యాజిక్‌క్యూ, ఈటీసీ ఈయోస్ అనే లైటింగ్ సాఫ్ట్‌వేర్లు ల్యాప్‌టాప్‌లోకి ఉచితంగా దింపుకోవచ్చు. మీ ఆపరేటర్‌ను కూర్చోబెట్టి పోయినేడాది నాటకం ఒకటి అందులో ప్రోగ్రాం చేయించండి. ఏ పద్ధతి అతని చేతికి అలవాటవుతుందో దాన్నిబట్టి కంపెనీ చూసుకోండి, కమిటీ వాళ్లకు నచ్చినదాన్నిబట్టి కాదు.

లైట్లు వాటంతటవే మినుకుమంటే వెంటనే బోర్డును అనుమానించకండి. మైకు కేబుల్ కాకుండా డీఎంఎక్స్ కేబులే వాడండి, లైను చివరి లైటుకు 120 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే చిన్న ప్లగ్గు) పెట్టండి. బోర్డుకు విడిగా చిన్న యూపీఎస్ కూడా కొనండి. కరెంటు క్షణం పోయి వచ్చినా బోర్డు మళ్లీ ఆన్ అయ్యేదాకా స్టేజీ చీకట్లోనే ఉంటుంది.