పాత నవలల మొదటి వంద పేజీలు వదిలేసి చదవొచ్చా?

వద్దు, ముందరి పేజీలు వదిలేస్తే తర్వాతి మలుపులు తేలిపోతాయి. ఆ మలుపులకు కావాల్సిన సరంజామా అంతా రచయిత అక్కడే సర్ది పెడతాడు.

1862లో వచ్చిన ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగో నవల ‘లే మిజరబుల్’ చూడండి. మొదటి 14 అధ్యాయాలూ బిషప్ గురించే. కథానాయకుడు జీన్ వాల్‌జీన్ జాడే ఉండదు. వెండి పళ్లేల్లో తినడం మానుకోవడం కష్టమని బిషప్ ఒప్పుకునేది ఇక్కడే. తర్వాత ఆ వెండి దొంగిలించి పట్టుబడిన వాల్‌జీన్‌కు వెండి కొవ్వొత్తి స్టాండ్లు కూడా ఆయనే ఇచ్చేస్తాడు. ముందు చదవకపోతే అది వట్టి దానంలా కనిపిస్తుంది.

పేజీల లెక్కన డబ్బులొస్తాయని సాగదీశారనుకుంటారు చాలామంది. ఈ నవల పత్రికలో సీరియల్‌గా రానే లేదు, సంపుటాలుగా వచ్చింది.

మెట్రో ప్రయాణంలో రోజుకు నాలుగు పేజీల చొప్పున చదివితే పాత్రల పేర్లు కలిసిపోతాయి. మొదటి 50 పేజీలు ఆదివారం ఒక్క విడతలో లాగించండి.