నాన్నగారి హార్మోనియం అమ్మి, అమ్మాయికి ఇంకోటి కొనొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు నలభై ఏళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించారు. రెండేళ్ళ క్రితం పోయారు. ఆయన పెట్టె అటక మీద ఉంది. చేత్తో చేసిన టేకు పెట్టె, లోపల జర్మన్ రీడ్లు (గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి ముక్కలు) అని చెప్పేవారు. ఒకాయన వచ్చి చూసి 45,000 ఇస్తానంటున్నారు. మా అమ్మాయి ఈ మధ్యే సంగీతంలో చేరింది. గుంటూరులో ఒక సెకండ్‌హ్యాండ్ స్కేల్ ఛేంజర్ (మెట్లు జరిపి శ్రుతి మార్చుకునే హార్మోనియం) 28,000కు ఉంది. పాతది అమ్మి అది కొని, మిగిలింది ఎఫ్‌డీ వేద్దామనుకుంటున్నాను. అమ్మ ఏమీ అనడం లేదు. అక్కకు ఇంకా చెప్పలేదు. పన్ను పడుతుందా? అమ్మకం ఆలస్యమైతే ముందు క్రెడిట్ కార్డు మీద కొనేయవచ్చా?

జవాబు: మీ లెక్క ప్రకారం 17,000 మిగులుతాయి. కూడికలు తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. కాకపోతే 45,000 అన్నది కొనేవాడి మాట, 28,000 అన్నది అమ్మేవాడి మాట. మీ అంతట మీరు తెలుసుకున్న ధర ఇందులో ఒక్కటీ లేదు. కాబట్టి ముందు పెట్టె విప్పించండి, బేరం తర్వాత.

అటక మీంచి దింపగానే హుషారుగా బెలోస్ (గాలి తిత్తి) కొట్టకండి. ఏళ్ళ తరబడి ముడుచుకుని ఉన్న తోలు మడతల దగ్గర చిట్లుతుంది. హార్మోనియం రిపేరు చేసే మేస్త్రీని పిలిచి, ఆయన కూలి ఆయనకిచ్చి, మీ ఎదురుగానే విప్పమనండి. కొనడానికి వచ్చినాయన వెంట తెచ్చుకునే మేస్త్రీ వద్దు. రీడ్లను ఒక్కొక్కటే చూడాలి. తీరప్రాంతపు తేమకు ఇత్తడి చిలుము పడుతుంది. చిలుమైతే శుభ్రం చేయొచ్చు. నాలుక (రీడులో అదిరే పలుచని భాగం) దగ్గర పగులు ఉంటే ఆ రీడు మార్చాల్సిందే. ఇంకో సంగతి, శ్రుతి చేసేటప్పుడు రీడు నాలుకను గీస్తారు. కొసన గీస్తే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీస్తే తగ్గుతుంది. గీసిన ప్రతిసారీ లోహం కాస్త పోతుంది, అది మళ్ళీ రాదు. నలభై ఏళ్ళు నాటకాలకు తిరిగిన పెట్టె రీడ్లు ఎంత గీతలు తిన్నాయో చూశాకే దాని ఆయుష్షు చెప్పగలం.

జర్మన్ రీడ్ల మాట కూడా అక్కడే తేలుతుంది. ఒకప్పుడు మన దేశంలో తయారైన పెట్టెలకు జర్మనీ, ఫ్రాన్స్‌ల నుంచి రీడ్లు వచ్చేవి. తర్వాత గుజరాత్‌లోని పాలిటానా రీడ్లకు పేరొచ్చింది. మంచి పాలిటానా రీడ్లు కూడా తీసిపారేసేవి కావు. కానీ అమ్మకం దగ్గర జర్మన్ అన్న మాటకు విడిగా ధర పలుకుతుంది. మీ పెట్టెలో అన్నీ అవేనా, మధ్యలో కొన్ని మార్చారా అన్నది విప్పితేనే తెలుస్తుంది. ఆ 45,000 ఇస్తానన్నాయన పెట్టె విప్పకుండానే ధర చెప్పారంటే, ఆయన లెక్కలో అది ఇంకా ఎక్కువే చేస్తుందని నా అనుమానం.

గుంటూరు స్కేల్ ఛేంజర్‌కూ ఇదే పరీక్ష. అందులో మెట్ల వరస మొత్తం పక్కకు జరుగుతుంది కాబట్టి కదిలే భాగాలు ఎక్కువ, బరువెక్కువ, పాడయ్యే చోట్లూ ఎక్కువ. బెలోస్ నింపి, ఏ మెట్టూ నొక్కకుండా చెవి పెట్టి వినండి. బుస్సుమని వినిపిస్తే గాలి కారుతోంది. నొక్కకుండానే ఏదైనా స్వరం పలుకుతుంటే మెట్టు కింద గాలిని మూసే తోలు గట్టిపడిపోయిందన్నమాట. అన్ని స్కేళ్ళలోనూ జరిపి, మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా వాయించి చూడండి. చెప్పుకుంటే సిగ్గుగానీ, పదేళ్ళ క్రితం నేను పై పాలిష్ చూసి ఒక పాత పెట్టె కొన్నాను. వానాకాలం రాగానే మూడు మెట్లు ఎవరూ ముట్టుకోకుండానే కూయడం మొదలుపెట్టాయి. కొన్న ధరలో మూడోవంతు రిపేరుకు పోసాను. ఊళ్ళో అందరికీ డబ్బు జాగ్రత్తలు చెప్పేది నేనే మరి.

ఇప్పుడు అసలు లెక్క. మీ పెట్టె బాగుచేయడానికి మేస్త్రీ 8,000 అన్నాడనుకోండి. అమ్మాయికి 8,000లో మంచి వాద్యం దొరికినట్టు. ఆమె రెండేళ్ళు నేర్చుకుని మానేసినా, బాగుచేసిన పెట్టె అప్పుడూ అమ్ముకోవచ్చు. అదే 28,000 పెట్టి స్కేల్ ఛేంజర్ కొని, ఏడాదికే మళ్ళీ అమ్మాల్సి వస్తే అంత ధర వెనక్కి రాదు. కొత్తగా నేర్చుకునే పిల్లకు స్కేల్ ఛేంజర్ అవసరమా అన్నది వాళ్ళ టీచర్‌ని అడగండి. రకరకాల శ్రుతుల్లో పాడేవాళ్ళకు పక్కన వాయించేవాళ్ళకు అది పనికొస్తుంది. సరళీ వరసలు పాడే పిల్లకు ఒక్క శ్రుతి చాలు. పెట్టె బరువు ఆమె మోయలేకపోతేనో, రీడ్లు నిజంగానే అరిగిపోయి ఉంటేనో నా మాట మారుతుంది.

క్రెడిట్ కార్డు వద్దు. బకాయి నిలిపితే చాలా కార్డులకు నెలకు 3 శాతం పైనే వడ్డీ. ఆరు నెలలు ఆలస్యమైతే మీ 17,000లో మంచి ముక్కే అటు పోతుంది.

పన్ను గురించి టెన్షన్ పడకండి. నాన్నగారి నుంచి వచ్చినందుకు పన్ను లేదు, చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని మన దేశంలో 1985లోనే తీసేశారు. అమ్మినా, ఇంట్లో సొంతానికి వాడుకునే చరాస్తి మూలధన ఆస్తి కిందికి రాదు, కాబట్టి అమ్మకం లాభం మీదా పన్ను లేదు. నగలు, చిత్రాలు, శిల్పాలు, కళాఖండాల వంటి వాటికి ఈ మినహాయింపు లేదు, హార్మోనియం ఆ జాబితాలో లేదు. నాన్నగారు దాన్ని వ్యాపార ఆస్తిగా లెక్కల్లో చూపించి ఉంటే సంగతి వేరు. నాటకాల హార్మోనిస్టులు అంత పని చేయగా నేనైతే చూడలేదు. మీరు పాత పెట్టెలు కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే మాత్రం అది వ్యాపార ఆదాయం. ఎవరైనా ‘యాంటిక్’ అని ఊదరగొడితే పట్టించుకోకండి. మన చట్టంలో వస్తువు పురావస్తువు కావాలంటే సాధారణంగా నూరేళ్ళు నిండాలి.

పన్ను కన్నా పెద్ద చిక్కు మీ ఉత్తరంలో ఓ మూల దాక్కుంది. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ పెట్టెలో అమ్మగారికీ, అక్కగారికీ మీతో సమానంగా వాటా ఉంది. నానమ్మగారు ఉంటే ఆమెకూ ఉంది. 45,000కు కోర్టుకు ఎవరూ వెళ్ళరు, నిజమే. కానీ అక్కకు ఈ కబురు పొరుగువాళ్ళ నోట తెలిస్తే ఆ నష్టం నా లెక్కల్లో పట్టదు. అమ్మగారు ఏమీ అనడం లేదంటే ఒప్పుకున్నట్టు కాదు. పక్కన కూర్చుని నోరు విప్పి అడగండి.

అందరూ అమ్మకానికే మొగ్గితే కనీసం ముగ్గురికి చూపించండి. నాటక సమాజాల వాళ్ళకూ, భజన బృందాలకూ కబురు పెడితే వాయించేవాళ్ళే వస్తారు, మధ్యవర్తి కమీషన్ తప్పుతుంది. ఆన్‌లైన్‌లో పెడితే, ‘డబ్బు పంపిస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అనే కేటుగాడు తప్పకుండా తగులుతాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు, పిన్ కొడితే మీ డబ్బే పోతుంది. ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద పెట్టె వివరాలు, తేదీ, ధర రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ 45,000 ఇస్తానన్నాయన దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే ఈ వారమే తిరిగి ఇచ్చేయండి. మేస్త్రీ విప్పి చూసేదాకా మీ పెట్టెకు ధర లేదు.