కోవిడ్ వెళ్లిపోయినా మా అన్నయ్య గడప దాటట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర ఊరు. మా అన్నయ్యకు 43 ఏళ్లు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. కాలికి ఊతంగా పట్టీలతో బిగించే కాలిపర్ వేసుకుని చంకకర్రతో నడిచేవాడు. వాచీలు, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉండేది. సామాను కోసం వారానికోసారి గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లొచ్చేవాడు. లాక్‌డౌన్‌లో కొట్టు మూతపడింది. 2021 మేలో అమ్మ కోవిడ్‌తో పోయింది. అన్నయ్యను శ్మశానానికి రానివ్వలేదు, తలకొరివి మా బాబాయి కొడుకు పెట్టాడు. అప్పటినుంచి గది వదలడు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడు. ప్రతిదానికీ చిరాకు. మెడికల్ షాపు నుంచి నిద్రమాత్రలు తెప్పించుకుంటున్నాడు. పింఛన్ ఆరు వేలు వస్తోంది కదా, ఇక కొట్టెందుకని మేమే వద్దన్నాం. మొన్న ‘నేను పోతే నీకో బరువు తగ్గుద్ది’ అన్నాడు. చుట్టాలేమో ‘కాలు అలా ఉంటే దిగులుండదా’ అంటారు. ఇది జబ్బేనా? నాకూ ఈ మధ్య సరిగా నిద్ర ఉండట్లేదు.
– ఓ చెల్లెలు

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ ‘బరువు తగ్గుద్ది’ అన్న మాట సంగతి చూడాలి. విసుగులో అన్నాడులే అని వదిలేయకండి. ఇవాళే, ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, ‘అన్నయ్యా, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామందికి భయం. అలా జరగదు. ఇన్నాళ్లకు అడిగేవాళ్లు దొరికారని భోరుమన్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నిద్రమాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకుని ఏ రోజుది ఆ రోజు ఇవ్వండి. తోటకో చేలోకో తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంటే వెంటనే అక్కడినుంచి తీయించేయండి. 14416 అని మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ ఫోన్ నంబరు ఉంది. అర్ధరాత్రయినా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

ఇక మీ ప్రశ్న. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు రాసినవన్నీ డిప్రెషన్ లక్షణాలే. తెల్లవారుజామునే మెలకువ రావడం, ఒకప్పుడు ఇష్టమైన పని మీద మనసు పోకపోవడం, తాను ఇంటికి భారమనుకోవడం. మగవాళ్లలో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది. ఇలాంటివి రెండు వారాలు వరసగా ఉంటేనే మేం ఆలోచిస్తాం. మీ అన్నయ్యకు ఏళ్లు గడిచాయి.

‘కాలు అలా ఉంటే దిగులుండదా’ అన్న మాట మాత్రం నాకు అస్సలు మింగుడుపడదు. ఆ కాలు రెండేళ్ల వయసు నుంచీ అలాగే ఉంది. ఆ కాలుతోనే ఆయన పంటు ఎక్కాడు, కొట్టు నడిపాడు. దిగులుకు కాలే కారణమైతే అది 2020 దాకా ఎందుకు ఆగింది? వైకల్యం ఉన్న మనిషి ఏ బాధ చెప్పినా దాన్ని వైకల్యం ఖాతాలో రాసేయడం మన ఇళ్లలోనే కాదు, మా డాక్టర్లలోనూ ఉంది. అందుకే వైద్యం అందాల్సినవాళ్లకు జాలి మాత్రమే అందుతోంది.

కోవిడ్ మొదటి ఏడాదిలో ప్రపంచం మొత్తమ్మీద డిప్రెషన్, ఆందోళన 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. వైకల్యం ఉన్నవాళ్లకు ఆ దెబ్బ ఇంకోలా తగిలింది. ఆరడుగుల దూరం పాటించమన్నారు. స్నానానికి ఇంకొకరి చెయ్యి కావాల్సిన మనిషి ఆ దూరం ఎలా పాటిస్తాడు? దేన్నీ ముట్టుకోవద్దన్నారు. చేత్తో తడిమి దారి చూసుకునే అంధుడి పరిస్థితేంటి? ఇలాంటివాళ్ల సహాయకులకు లాక్‌డౌన్‌లో తిరగడానికి పాసులివ్వాలని 2020 మార్చి 26నే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. నాకు ఫోన్ చేసిన పేషెంట్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ జులైలో చెవులు వినపడని ఒకావిడ ఓపీకి వచ్చింది, టైలరింగ్ చేసుకునే మనిషి. పెదాల కదలిక చూసి మాట పోల్చుకుంటుంది. నేను మాస్కు వెనక నుంచి పది నిమిషాలు ఏదేదో అడిగాను. ఆవిడ నా కళ్లలోకి చూస్తూ అన్నిటికీ తల ఊపింది. నాకు ఆలస్యంగా వెలిగింది. ఇద్దరం వరండాలోకి వెళ్లి, నేను దూరంగా నిలబడి మాస్కు తీశాను. అప్పుడు నోరు తెరిచింది. ‘నాలుగు నెలల్నుంచి ఎవరి మొహమూ కనపళ్లేదు’ అంది.

మీ అన్నయ్య విషయంలో నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బగా కనిపిస్తున్నది తలకొరివి. మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు. కొడుకు ఇంట్లో ఉండగా ఇంకొకరి చేత పెట్టించారు. కోవిడ్ భయంతో అనుకోండి, కర్రతో ఎలా నడుస్తాడులే అనుకోండి, ఆయనకు మాత్రం ‘నువ్వు పనికిరావు’ అన్నట్టే వినపడి ఉంటుంది. ఆ రోజు ఏం జరిగిందో ఇంట్లో ఎవరైనా ఆయనతో మళ్లీ మాట్లాడారా? మాట్లాడండి. ‘ఆ రోజు నిన్ను తీసుకెళ్లాల్సింది’ అని మీ నోటితో అనండి. మీ ఆచారంలో ఉంటే ఈసారి తద్దినం ఆయన చేతుల మీదుగా అంతర్వేదిలో పెట్టించండి. నేను పురోహితుణ్ని కాదు, ఇలా చెప్పొచ్చో లేదో తెలీదు. గుండెలో ఇరుక్కున్న దుఃఖానికి ఒక్కోసారి ఇలాంటివే దారి చూపిస్తాయి.

పింఛన్ మాటా అంతే. ప్రేమతోనే వద్దన్నారు, తప్పు పట్టను. కానీ కొట్టంటే ఆయనకు డబ్బొక్కటే కాదుగా. పొద్దున లేవడానికి ఓ కారణం, వచ్చేపోయేవాళ్లతో పిచ్చాపాటీ, ‘మా వాచీ మీరే చూడాలి’ అనిపించుకోవడం. ఆరు వేలలో అవి రావు.

అన్నీ మనసు మీదే తోసేయడం కూడా పొరపాటు. పోలియో వచ్చిన పదిహేను, ఇరవై, నలభై ఏళ్ల తర్వాత కొందరికి కొత్తగా నీరసం, కండరాల నొప్పి మొదలవుతాయి, బాగున్న కాలు కూడా బలహీనపడుతుంది. దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. థైరాయిడ్, బి12, విటమిన్ డి, షుగర్ పరీక్షలూ చేయించండి. ఇంకో సంగతి, ఆ కాలిపర్ ఎక్కడుందో చూడండి. ఏళ్లతరబడి మంచం కింద పడి ఉంటే మన తేమకు బకిల్స్ తుప్పుపట్టి, తోలు పట్టీలు బిగుసుకుపోయి ఉంటాయి. ఇన్నాళ్లు కూర్చుని ఒళ్లొచ్చి ఉంటే అది ఇప్పుడు పట్టదు కూడా. బయటికి రానంటున్న మనిషికి నిజానికి వేసుకోవడానికి కాలిపర్ లేక సిగ్గుపడుతుండొచ్చు. కొత్త కొలతలు ఇప్పించండి.

నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపొద్దు. నెలలతరబడి వాడినవి హఠాత్తుగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. అలాగని కొనసాగించడమూ మంచిది కాదు. మత్తులో రాత్రిపూట కర్రతో లేచి జారిపడితే పోలియో కాలిలో ఎముక తేలిగ్గా విరుగుతుంది. డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. డిప్రెషన్ మందులు వేరు, వాటికి మత్తుమందుల్లా అలవాటు పడరు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కాస్త వికారం ఉండొచ్చు. ‘ఏం తగ్గలేదు’ అని పదో రోజు మానేసేవాళ్లే నా దగ్గర ఎక్కువ. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. అమలాపురంలోనో భీమవరంలోనో సైకియాట్రిస్టుకు చూపించండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది. మొదటిసారి రానంటే ఫోన్లోనైనా మాట్లాడించండి.

ఈలోగా ఆయనను బతిమాలి బయటికి లాగొద్దు. ఇంట్లోనో, పక్కింట్లోనో ఆగిపోయిన గడియారం ఉండే ఉంటుంది. తీసుకెళ్లి ముందు పెట్టి, ‘ఇది బాగుచేయాలన్నయ్యా, నరసాపురంలో నూట యాభై అడిగారు’ అనండి. నిజంగా అడిగి ఉంటేనే అనండి. ఉత్తుత్తి పని ఇస్తే ఆయన ఇట్టే పసిగడతాడు. మొదటి రోజు మూత కూడా తీయకపోవచ్చు. అక్కడే ఉంచండి. తీస్తే బల్లను గదిలోంచి వీధి అరుగు మీదకు ఎప్పుడు జరపాలో ఆయన్నే చెప్పనివ్వండి.

మీ నిద్ర సంగతి చివర్లో ఓ ముక్క రాశారు. అమ్మ పోయాక ఆవిడ చేసిన పనంతా మీ మీదే పడి ఉంటుంది. అన్నయ్యను చూపించడానికి వెళ్లిన రోజే మీరూ బీపీ చూపించుకుని, నిద్ర ఎన్నాళ్లుగా పట్టట్లేదో డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్కరోజూ వంట మీ ఆయనకు అప్పగించండి.

– మానసిక వైద్య నిపుణులు, రాజమహేంద్రవరం